ఒక్క మైకు కోసం కొల్లేటికోటకు

ఉదయం ఏడున్నరకు తాడేపల్లిగూడెంలో ప్యాసింజరు ఎక్కాను. కొల్లేటికోటలో వెంకన్నకూ ఏడుకొండలుకూ చెరో భజన సమాజం ఉంది. ఇద్దరికీ భాగవతం చదివి చెప్పింది నేనే. పోయిన జాతరలో ఇద్దరూ చెరో మైకు పెట్టి పోటీగా పాడితే అమ్మవారి ఎదుట ఒక్క కీర్తనా సరిగా వినబడలేదు. ఈసారి ఒక్క సమాజంగా వస్తేనే మైకు, లేదంటే భజనే వద్దని గుడి పెద్దలు తేల్చేశారు. గడువు ఇవాళే. ఇద్దర్నీ కలిపే తిరిగి రావాలని బయల్దేరాను.

ఎదుటి సీట్లో ఏలూరు కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరరమ్మ కూర్చుంది. ఆరోజు పాఠం జపాన్ అట.

"ముక్కలైన దేశాన్ని ముగ్గురు దొరలు ఒక్కటి చేశారండీ. మొదటివాడు కత్తితో తొందరపడ్డాడు, సొంత మనిషే తిరగబడ్డాడు. రెండోవాడు మాటకారి, అందర్నీ మంచి చేసుకున్నాడు. మూడోవాడు ఓపికపట్టాడు. రాజ్యం అతని వంశానికే మిగిలింది."

"ఓర్పే గెలిచిందన్నమాట!" అన్నాను సంతోషంగా.

"గెలిచింది లెండి. రెండోవాడు పోతూ తన పసివాణ్ణి కాపాడమని ఈ మూడోవాడి చేత కూడా ఒట్టు వేయించుకున్నాడు. ఆ పిల్లాడు పెద్దయ్యాక ఇతనే వెళ్లి వాడి కోట కూల్చాడు."

ఏలూరు వచ్చేసింది. స్టేషను బయట ఇడ్లీ తిని, కైకలూరు బస్సెక్కి ఆలపాడులో దిగాను. అక్కడ షేర్ ఆటో నిండితే గాని కదలదు, వెళ్లేవారు గుర్తుంచుకోండి. ఎదురుగా చేపల చెరువు గట్టున ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది.

"ఎంత నిశ్చలంగా ఉందో చూడు బాబూ," అన్నాను డ్రైవరుతో.

"ధ్యానమనుకున్నారాండీ? చేప కనబడేదాకేనండి!" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఇద్దరూ కొట్లాడి అలిసిపోతే చివరికి నన్నే గురువుగా కూర్చోబెడతారని దారంతా లోలోపల అనుకుంటూనే ఉన్నాను.

గుడి మండపంలో పెద్దల ఎదుట తగవు మధ్యాహ్నం దాకా సాగింది.

"వాడి వెనక నేను వంత పాడాలాండీ? వాడి తాళం వాడికే తెలీదు!" అన్నాడు వెంకన్న.

"నీ గొంతుకి చెరువులో చేపలు గట్టెక్కేస్తున్నాయిరా!" అన్నాడు ఏడుకొండలు.

ఆఖరికి వెంకన్న నా వైపు తిరిగాడు. "పిన్నిగారూ, మీరే గురువుగా కూర్చోండి. మేమిద్దరం మీ వెనక పాడతాం." ఏడుకొండలు కూడా తలూపాడు.

ఫలం మీద ఆశ వద్దని గీత చెప్పే నోటితోనే "సరే" అనబోయాను. కొంగ గుర్తొచ్చింది.

"నేను కూర్చోను," అన్నాను. "వెంకన్నా, ఒక చరణం నువ్వెత్తుకో, ఏడుకొండలు వంత. తర్వాతది ఏడుకొండలు, నువ్వు వంత."

"మొదటిదెవరండీ?" ఇద్దరూ ఒక్కసారే అడిగారు.

"ఇప్పుడు అడిగినట్టే, ఇద్దరూ ఒక్కసారే. పాడండి."

మొదటి చరణంలో ఇద్దరూ చెరో దారి పట్టారు. మళ్లీ పాడించాను. మళ్లీ. నాలుగోసారికి గుడి పెద్ద లేచి లోపలికి వెళ్లి ఒక్క మైకు తెచ్చి పెట్టాడు.

సాయంత్రం రైల్లో సీటు దొరకలేదు. గూడెం దాకా నిలబడే వచ్చాను, బరువనిపించలేదు. జాతరకు మీరు వస్తే నన్ను మైకు దగ్గర వెతక్కండి. ఆడవాళ్ల వరసలో, తాళాలు పట్టుకుని వెనక ఉంటాను.