నీలి పెన్సిల్‌తో శాలిబండ

ఉదయం ఆరున్నరకు శాలిబండలో సికింద్రాబాద్ బస్సెక్కాం. వరంగల్‌లో ఉపవాస కూడిక. నా పక్కన ఇజ్రాయెల్. మా ప్రార్థన మందిరం మనిషే, రైలు తపాలాలో ఉత్తరాలు వేరుచేసే సార్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆ ఉద్యోగ పరీక్ష ఇద్దరం కలిసే రాశాం. కీర్తనలు కంఠతా వచ్చిన నేను తప్పాను. ఊళ్లను జిల్లాల వారీగా గళ్లలో వేశాను. అక్కడ చూడాల్సింది జిల్లా కాదు, ఏ బండి ముందు చేరుతుందన్నది. అప్పటి నుంచి అతన్ని చూస్తే నాకు కడుపు మంట. అసూయ పాపమని ఆదివారం బడిలో పిల్లలకు చెప్పేదీ నేనే.

ఎనిమిదింటికి రైలు. వెళ్లేవాళ్లు కాస్త ముందే ఎక్కండి, తర్వాత నిలబడే చోటుండదు. భువనగిరి దాటగానే ఇజ్రాయెల్ మొదలుపెట్టాడు. అప్పట్లో మెయిలు బండిలో ఒక పెట్టె తపాలాకే. ఊగే పెట్టెలో నిలబడి, గోడంతా ఉన్న గళ్లలోకి ఉత్తరాలు విసిరేవారట. ఇప్పుడా పెట్టెలు పోయాయి, వేరుచేసే పనంతా స్టేషన్ల దగ్గరి హాళ్లలోనే.

ఎదుటి సీట్లో గాజుల వ్యాపారి అడిగాడు. "చాచా, మా పరకాల ఉత్తరాలు ఏ సంచిల?"

"వరంగల్ సంచి, భాయ్."

"మాషా అల్లా! ఏం దిమాగ్!"

నేను కిటికీ వైపు తిరిగాను. వ్యాపారి ఊరి మీద ఊరు అడుగుతుంటే, ఇజ్రాయెల్ ఒక్కటైనా తప్పు చెప్తాడేమోనని కాజీపేట దాకా చూశాను. చెప్పలేదు.

కూడికలో ప్రార్థన చీటీలు పోగయ్యాయి. ఇజ్రాయెల్ వాటిని ఊళ్ల వారీగా సర్దుతూ, ఊరు లేని చీటీల మీద, రాసినవాళ్లను అడిగి, జేబులోని నీలి పెన్సిల్‌తో ఊరి పేరు రాస్తున్నాడు. నా చీటీ మీద 'శాలిబండ' అని రాసి, కింద చిన్న గీత గీశాడు.

ఆ గీత నాకు తెలుసు. మానుకోట నుంచి అమ్మ రాసే చిరునామా ఎప్పుడూ ఒకటే: దానయ్య, ప్రార్థన మందిరం, హైదరాబాద్. అయినా ప్రతి ఉత్తరం చేరేది, మీద నీలి రంగులో శాలిబండ, కింద గీత. దేవుడే దారి చూపాడని ఏటేటా సంఘంలో సాక్ష్యం చెప్పాను. ముందు వరుసలో కూర్చుని ఆమెన్ అన్నది ఇజ్రాయెల్.

సాయంత్రం ఐదింటికి తిరుగు బండి. చాయ్ తాగి ఉపవాసం విడిచాం.

"తమ్మీ, అమ్మ ఉత్తరాల మీద రాసింది నువ్వేనా?"

"గా బండి మీద నేనే ఉంటి గదన్నా. రాయకుంటే వాపస్ పోతుండె."

"ఇన్నేండ్లు చెప్పకపోతివేందిరా?"

"నువ్వు సాక్ష్యం మస్తు చెప్తుంటివి. మధ్యల నా లొల్లెందుకు?" పల్లీల పొట్లం నా చేతిలో పెట్టి కళ్లు మూసుకున్నాడు.

పొద్దున అతని ఉద్యోగం మీదే కుళ్లు. ఇప్పుడు అమ్మ అక్షరాలను నాకంటే ముందు చూసిన ఆ కళ్ల మీద, విప్పని ఆ నోటి మీద. దేవుడు దారి చూపిన మాట నిజమే, చూపించింది అతని చేత.

మీరూ ఆ కూడికకు వెళ్లండి, మంచి ప్రయాణం. ఈ ఆదివారం సాక్ష్యం వంతు నాది. అతని పేరు చెప్తాను. అతను తల దించుకుంటాడు. ఆ తల మీద కూడా నాకు ఈర్ష్యే.