గడప ముందు ఆగిన అడుగు

కాట్పాడి స్టేషన్లో దిగేసరికి ఉదయం ఆరు కావడానికి పది నిమిషాలు. అగ్నినక్షత్రం, అంటే నడివేసవి ఎండలు, మొదలైన మూడో రోజు. ఆ వేళకే ప్లాట్‌ఫారం మీది ఇనుప బెంచీ వెచ్చగా ఉంది. నా సామాను ఒక పాత సైనిక సంచి. అందులో రెండు చీరలు, బీపీ యంత్రం, థర్మామీటరు, కట్టు గుడ్డలు, ఫ్లాస్కు, ఒక డబ్బా ముగ్గుపిండి.

సైన్యంలో నర్సుగా చేరి మేజర్‌గా రిటైరయ్యాను. గుడియాత్తంలో ఉంటున్నాను. డ్యూటీలు ముగిశాయనుకున్నాను. నా పాత కర్నల్ ఫోన్ చేశాడు. తనకు చిన్నప్పుడు మద్రాసులో యుద్ధవిద్య నేర్పిన కొరియా మాస్టర్‌కి వేలూరులో మోకాలు మార్చారనీ, వయసు ఎనభై దాటిందనీ, నర్సులెవరి మాటా వినడం లేదనీ చెప్పాడు. మూడు వారాల డ్యూటీ. ఆదేశాలు మూడు: పడనివ్వొద్దు, కింద కూర్చోనివ్వొద్దు, తన్నులు తన్ననివ్వొద్దు.

స్టేషన్ బయట కారు ఉంది. డ్రైవర్ తిరుపత్తూరు వాడు, రిటైరైన హవల్దారు. ఫోన్‌ని ఇంకా వైర్‌లెస్ సెట్టులాగే వాడతాడు.

"మేడమ్ వచ్చినారు. కదలతాండాము. ఓవర్," అని లాడ్జికి చెప్పి, నా వైపు తిరిగాడు. "పెద్దాయన పొద్దున్నే వాకర్ని మంచం కింద దాచిపెట్టినాడు మేడమ్. నన్నే యాడ ఉండాదని అడగతాండాడు."

లాడ్జి ఆస్పత్రికి రెండు వీధుల అవతల. మాకిచ్చింది పై అంతస్తులో గది. లిఫ్టు దిగితే నాలుగు అడుగుల్లో డాబా. డాబా మీద నుంచి తూర్పున బండరాళ్ల కొండలు, ఉత్తరాన నీళ్లు లేని పాలారు. ఎనిమిది దాటితే నేల మీద కాలు పెట్టలేం. అందుకని వ్యాయామం ఐదున్నరకి పెట్టాను.

మాస్టర్ పొట్టి మనిషి. వెన్ను మాత్రం కర్ర పెట్టి కట్టినట్టు ఉంటుంది. నలభై అయిదేళ్లు మద్రాసులో ఉన్నాడు కాబట్టి తమిళం వచ్చు. మేం తమిళంలోనే మాట్లాడుకున్నాం. ఆయన కథ ముక్కలు ముక్కలుగా తెలిసింది. పుట్టింది కొరియా ఉత్తర భాగంలో. యుద్ధం వచ్చిన చలికాలంలో తండ్రి చెయ్యి పట్టుకుని దక్షిణానికి నడిచాడు. తర్వాత సైన్యంలో చేరి, ఆయుధం లేకుండా పోరాడటం సిపాయిలకు నేర్పాడు. అక్కడి నుంచి బయటికొచ్చి, ఒక బియ్యం మిల్లు షెడ్డులో సొంత పద్ధతి మొదలుపెట్టాడు. ఒక ఏడాదికని మద్రాసు వచ్చి ఉండిపోయాడు. ఈ మూడు వారాలు కాగానే కొరియాలో కూతురు దగ్గరికి పోతాడు. మళ్లీ రాడు.

రెండో వారంలో వాకర్ తీసేసి చేతికర్ర ఇచ్చాను. ఆయన తన్నులు లేకుండా, చేతులతోనే, తాను కట్టిన మొదటి పాఠం నడవడం మొదలుపెట్టాడు. వాళ్ల విద్యలో ఇలాంటి పాఠాలుంటాయి. వరసగా అడుగులు, దెబ్బలు, అడ్డుకోవడాలు. ఒక్కడే, ఎదుట ఎవరూ లేకుండా చేస్తాడు.

కాలు ఈడుస్తున్నాడా అని చూడటానికి ఆయన పాదం పడిన ప్రతిచోటా చిటికెడు ముగ్గుపిండి వేశాను. అయ్యాక గుర్తులన్నీ గీతతో కలిపాను. మెలిక ముగ్గు వేసే చెయ్యి కదా, అలవాటు. మెలిక ముగ్గులో గీత బయలుదేరిన చోటికే వచ్చి కలవాలి. ఇది కలవలేదు. మొదటి గుర్తుకి ఒక్క అడుగు ముందు ఆగిపోయింది. మర్నాడూ అంతే.

కుడి అడుగు చిన్నదవుతోంది, మోకాలు ఇంకా గట్టిపడలేదు అని చెప్పాను. ఆయన నవ్వాడు.

ఆ సాయంత్రం పెద్ద శిష్యుడు వచ్చాడు. వేలూరులోనే సత్తువాచారిలో ఈ విద్య నేర్పే హాలు నడుపుతాడు, మాలాగే తెలుగు మాట్లాడే వ్యాపారుల ఇంటివాడు. సంగతి అతని నోట తెలిసింది. ఇలాంటి పాఠం ఏదైనా మొదలైన చోటే ముగియాలన్నది అందరి నియమం. పోటీల్లో నేల మీద గుర్తుపెట్టి మరీ చూస్తారట. మాస్టర్ పాఠం ఒక్కటే తక్కువ పడుతుంది. మిగతా బడుల వాళ్లు దాన్ని కుంటి పాఠం అంటారు. పిల్లలు పాయింట్లు పోగొట్టుకుంటున్నారు. మాస్టర్ విమానం ఎక్కేలోపు సరిచేసి చూపితే వీడియో తీసి అన్ని హాళ్లకూ పంపుతాడు.

"నేను చెబితే వినడు. నువ్వైనా చెప్పమ్మా," అన్నాడు నాతో.

నాకు అతని మాటే సబబనిపించింది. కలవని గీత నాకూ నచ్చదు. మర్నాడు డాబా మీద చెప్పేశాను. మాస్టర్ కర్ర గోడకు ఆనించి, ముగ్గుపిండి గీత మీద నిలబడ్డాడు.

"ఇది మా గడప," అన్నాడు మొదటి గుర్తు చూపించి. ఎడమ పక్క ఊరగాయ జాడీల అరుగు. కుడి పక్క బావి. ఎదురుగా గేటు, ఆ తర్వాత దారి. "గడప మీద అమ్మ నిలబడింది. నాయనమ్మకి జ్వరం. మీరు ముందు నడవండి, నేను వస్తా అంది."

తర్వాత మధ్యలో సరిహద్దు పడి, ఆ ఊరికి దారి మూసుకుపోయింది.

"గడప ముందుకు తిరిగొచ్చేదాకా పాఠం కట్టాను. గడప ఎక్కేది కట్టలేను. ఎక్కలేదు కదా."

శిష్యులకు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"తప్పు అన్నవాళ్లే గానీ, ఎందుకు అని అడిగినవాళ్లు లేరు మేజర్."

కర్ర అందుకుని, గేటూ గడపా ఉన్న ఇల్లు ఈ చుట్టుపక్కల ఉందా అన్నాడు. మా ఇల్లుంది అన్నాను.

చివరి రోజు గుడియాత్తం తీసుకెళ్లాను. పెద్ద శిష్యుడు కెమెరాతో వెనక వచ్చాడు. మా వీధిలో మగ్గాలు అప్పుడే మొదలయ్యాయి. వాకిలి ఊడ్చి నీళ్లు చల్లాను, ఆ పూట ముగ్గు వేయలేదు. మాస్టర్ తెల్ల దుస్తులు వేసుకుని, వెలిసిన నల్ల బెల్టు కట్టుకుని, మా గడప మీద నిలబడి వాకిట్లోకి దిగాడు. కర్ర లేదు. నేను రెండడుగుల దూరంలో చేతులు చాచి ఉన్నాను.

ఎడమ. కుడి. గేటు. దారి. మళ్లీ వెనక్కి. గడప ముందుకొచ్చి నిలిచాడు.

"ఒక్క అడుగు మాస్టర్," అన్నాడు శిష్యుడు మెల్లగా.

మాస్టర్ కుడి పాదం ఎత్తాడు. గడప మీదికి తీసుకొచ్చాడు. అది గాల్లో నిలిచింది. మోకాలు వణికింది. పట్టుకోబోయి ఆగాను. ఆ పాదం వెనక్కొచ్చి, తడి నేల మీద ఎడమ పాదం పక్కన ఆనింది.

"ఇంతే," అన్నాడు.

శిష్యుడు కెమెరా దించలేదు. ఈసారి ఎందుకు మాస్టర్ అని అడిగాడు. మాస్టర్ అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాడు. విన్నాక శిష్యుడు లేచి, మా ఖాళీ గడపకు వంగి నమస్కారం పెట్టాడు.

పది గంటలకు కారు కదిలింది. నేను మీనంబాక్కం విమానాశ్రయం దాకా వెళ్లి, లోపలికి పంపి, రాత్రికి ఇల్లు చేరాను. తిరుగుదారిలో హవల్దారు ఒక్కసారే నోరు విప్పాడు.

"పార్టీ చేరిందని కర్నల్ సారుకి చెప్పేదా మేడమ్?"

విమానం దిగినాక చెప్పమన్నాను.

పాఠం మారలేదు. సత్తువాచారి హాల్లో ఇప్పటికీ అలాగే నేర్పుతున్నారు, పాయింట్లు పోతే పోనీ అని.

నేను రోజూ ఐదున్నరకే మెలిక ముగ్గు వేస్తాను. గీత కలుపుతాను. కలపకుండా నా చెయ్యి ఊరుకోదు. చివరి మెలిక దగ్గర తలెత్తితే గడప కనబడుతుంది. దాని మీద, గాల్లో, వణుకుతున్న ఆ పాదం.