ఉన్న ఒక్క చొక్కా

ఆ రోజుల్లో, లోకంలో ఇచ్చేవాళ్ళెవరో పుచ్చుకునేవాళ్ళెవరో నాకు బాగా తెలుసనుకునేవాణ్ణి. మైదుకూరులో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో చేరిన రెండో నెలలోనే ఆ తెలివి కాస్తా పోయింది.

ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు కాబట్టి ఎవరేం చెప్పినా తలూపడమే నా పని. అకౌంట్లు చూసే ఆవిడను అందరం పెద్దక్క అనేవాళ్ళం. ఒకరోజు ఆవిడ ఆఫీసు వాట్సాప్ గ్రూపులో, పేదవాడొకడికి బట్టలిస్తున్నామని, బాధపడతాడని పేరు చెప్పడం లేదని, ఇందులో బలవంతమేమీ లేదని పెట్టింది. కిందనే అందరి పేర్లూ రాసి, ఇచ్చినవాళ్ళకు టిక్కు పెట్టసాగింది. (బలవంతం లేని చోట టిక్కులెందుకో నాకిప్పటికీ అర్థం కాలేదు.) మూడు రోజుల్లో టిక్కు లేని పేరు నాదొక్కటే మిగిలింది. "ఏమప్పా, గుడ్డపీలిక గూడా లేదా ఇంట్లో?" అని పక్క సీటాయన ఒకటే నవ్వు. పరువు పోతుందని, అందరం కంపెనీ టీషర్టులు వేసుకునే శనివారం నాడు, నా నీలిగీతల చొక్కా ఒకటి ఇస్త్రీ చేయించి తీసుకెళ్ళి ఇచ్చాను. "ఇదెందుకు తెచ్చినావు నాయనా! తువ్వాలేదన్నా ఇచ్చింటే సాలదా?" అంది పెద్దక్క. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక్క చొక్కాకు ఇంత ఏడుపేమిటో తెలియక నేను బిక్కమొహం వేశాను. చొక్కా మేనేజరు గదిలోని బీరువాలోకి వెళ్ళింది.

సోమవారం ఆఫీసులో అడుగుపెట్టగానే పెద్దక్క నా ఒంటి మీది చొక్కా చూసి కొయ్యబారిపోయింది. పక్కకు పిలిచి, "తీసుకుంటే తీసుకున్నావులే. అడిగింటే నేనే ఇచ్చేదాన్ని గదా. బీరువా ఎందుకు తెరిచినావు?" అంది మెల్లగా. దొంగ అనిపించుకున్నాక ఉద్యోగమెక్కడిది?

"బీరువా నేను ముట్టుకోలేదక్కా."

"మరి ఒంటి మీద ఉండేదేంది?"

"చొక్కా."

"అదే గదా నేనడిగేది!"

ఇద్దరం మేనేజరు సారు గదిలోకి వెళ్ళాం. ఆయన బీరువా తెరిస్తే, నేనిచ్చిన చొక్కా మడత నలగకుండా అక్కడే ఉంది. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ దాన్ని చూశాడు. "ఇట్లాంటివి నాకు ఐదుండాయి సార్," అన్నాను. మా అక్క పెళ్ళికి మా నాయన ఆదోనిలో బేరమాడి తానుకు తాను కొనేసి, ఇంట్లో మగవాళ్ళందరికీ ఐదేసి చొక్కాలు దానితోనే కుట్టించాడు. (ఆలూరు దగ్గర మా ఊళ్ళో చిన్నాయన చాన్నాళ్ళు ఆ గీతల్లోనే చేనికి పోయాడు.)

పెద్దక్క కుర్చీలో కూలబడింది. "రెండు నెల్ల నుంచి చూస్తాండా, దినామూ అదే చొక్కా! ఉతుక్కోని అదే తొడుక్కుంటాండావని ఎంత బాధపడితినో!"

"అయితే ఆ పేదవాడు...?" నాకు అప్పటికీ వెలగలేదు.

మేనేజరు సారు బట్టల సంచి నా చేతిలో పెట్టాడు. "నువ్వే గదప్పా. నీ ఒక్కని పేరు లేకుంటే అనుమానమొస్తాదని లిస్టులో రాసినాం."

నవ్వాలో సిగ్గుపడాలో తెలియక, "థాంక్స్ సార్" అన్నాను. వద్దంటే పెద్దక్క ఒప్పుకోలేదు. నేను దానమిచ్చిన చొక్కా కూడా ఆ సంచిలోనే నాకు తిరిగొచ్చింది.

ఆ తర్వాత ఎన్నో ఆఫీసులు మారాను. ఇప్పుడు నా బీరువాలో రకరకాల చొక్కాలున్నాయి, రోజుకొకటి వేసుకుంటాను. అప్పుడప్పుడూ ఆ నీలిగీతలది, పొట్ట దగ్గర గుండీలు పట్టకపోయినా, బయటికి తీసి చూసుకుని నవ్వుకుంటాను. ఈ రోజు నేనేం వేసుకున్నానో గమనించేవాళ్ళు ఇప్పుడు ఆఫీసులో ఎవరూ లేరు.