మహబూబీ పంచిన గోలీలు

బోధన్ చుట్టుపక్కల ఊళ్లలో గాజులమ్మే మహబూబీకి తెలియని ఇల్లు లేదు. చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్ల నుంచి మోస్రా దాకా గాజుల మలారం భుజాన వేసుకొని తిరిగేది. ఆడవాళ్లు గాజులకు చేతులు చాపి, కష్టసుఖాలన్నీ చెప్పుకునేవారు.

1958లో ఆమె రెండేళ్ల కొడుకు దగ్గుతో, ఎగశ్వాసతో పోయాడు. మందు అందలేదు. అందుకే తర్వాత ఏ ఇంట్లోనైనా పిల్లకు నయమై మందు గోలీలు మిగిలాయంటే, "పారెయ్యకుండ్రి, నాకియ్యుండ్రి" అని అడిగి కొంగున కట్టుకునేది. ఇంకో ఊళ్లో పిల్ల డొక్కలెగరేస్తుంటే రెండో మూడో ఇచ్చేది. దగ్గు తగ్గగానే ఆపి, మిగిలినవి కొంగున కట్టుకొని మరో గడపకు పోయేది. పదిహేనేళ్లు అలాగే నడిచింది. చాలామంది పిల్లలు లేచి ఆడుకున్నారు కూడా.

1973 చలికాలంలో మోస్రాలో వసంతమ్మ మూడేళ్ల బిడ్డ గోదావరికి జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. మహబూబీ ఇచ్చిన గోలీలకు తగ్గలేదు. ఇంకో రకం ఇచ్చింది. ఐదో నాటికి పిల్ల పెదవులు నల్లబడ్డాయి. ఇద్దరూ బస్సెక్కి నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయారు. సూదులు వేశారు, గొంతులోని తెమడ తీసి పరీక్షకు పంపారు. నాలుగో రోజు పొద్దున గోదావరి కన్నుమూసింది.

డాక్టర్ పరీక్ష కాగితం చూస్తూ, "ఈ క్రిమి మీద ఒక్క మందూ పనిచేయలేదమ్మా. ఇంతకుముందు ఏమిచ్చారు?" అని అడిగాడు.

మహబూబీ కొంగు ముడి విప్పింది.

"గివి నేనే ఇచ్చిన సారూ. గీ ఒక్క పిల్లకే కాదు."

డాక్టర్ గొంతు తగ్గించాడు. "సగం మందుకు మెత్తటి క్రిములే చస్తాయి. మొండివి మిగులుతాయి. వాటికి పుట్టేవాటికీ ఆ మొండితనమే వస్తుంది. దగ్గుతో ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. ఈ పిల్లకు ఎక్కడ అంటుకుందో ఎవరూ చెప్పలేరు. నీ ఒక్కదాని వల్ల అయింది కాదమ్మా."

ఆ చివరి మాట మహబూబీ చెవికెక్కలేదు.

పదిరోజులకు మోస్రా పోయి గుమ్మం ముందు నిలబడింది. "లోపటికి రా అక్కా" అంది వసంతమ్మ. మహబూబీ లోపలికి పోలేకపోయింది.

ఆ తర్వాత గోలీలు అడిగినవాళ్లకు, "నా తాన లెవ్వు. నడువు, దవాఖానకు నేనొస్త" అనేది. మలారం ఎవరింట్లోనో దించి, పిల్లను చంకనేసుకొని బస్సెక్కేది. కొందరు వెంట వచ్చారు. "అక్కకు మునుపటి మనసు లేదు" అన్నవాళ్లే ఎక్కువ. వాళ్లు బోధన్ దుకాణాల్లో రెండు రెండు గోలీలు కొనుక్కుపోయేవారు. దారిలో ఎదురైతే, పిల్ల ఎట్లుందని ఆమె అడిగేది. ఆగి జవాబు చెప్పినవాళ్లు తక్కువ.