చిలకల్ని తోలే చప్పట్లు

తొంభైల్లో విశాఖలో ఏడాదిపాటు పాస్టర్లకిచ్చే సేవకుల శిక్షణ ముగించుకుని అరకు కొండమీది మా ఊరికి తిరిగొచ్చేసరికి నా దగ్గర రెండు సంపదలున్నాయి. ఒకటి రక్షణ, రెండోది అప్లాజ్ అనే ఇంగ్లీషు మాట. మొదటిది అందరికీ ఉచితమే గనక రెండోదానిమీదే నాకు మమకారం ఎక్కువ.

డిక్షనరీలో దానికి కరతాళధ్వనులు అని ఉంది. పట్నంలో మా గురువుగారు ప్రతి ప్రసంగంలో మూడుచోట్ల "ప్రభువుకి అప్లాజ్!" అనేవారు. జనం చప్పట్లు కొట్టేవారు. ప్రభువు తరఫున ఆయనే కళ్ళు మూసుకుని అందుకునేవారు. ఆ మూడు చోట్లా నా నోట్సులో ఎర్రగీత పెట్టుకున్నాను.

మా సంఘంలో నా మొదటి ప్రసంగం. బాగుంటే ఇకమీదట ప్రతివారం వాక్యం చెప్పే పని నాకే అప్పగిస్తామని సంఘపెద్ద అన్నాడు. నాకు కావలసింది అదొక్కటే.

మొదటి ఎర్రగీత దగ్గర ఆగాను. "ప్రభువుకి అప్లాజ్!"

ఎవరూ కదల్లేదు. నేనే చప్పట్లు కొట్టి చూపించాను. ముందు చాపమీది ముసలమ్మ ఉలిక్కిపడి తలుపు వంక చూసింది.

"ఏటొచ్చింది బాబూ? ఎవుల్ని తోలేత్తన్నావు?"

మా కొండల్లో చప్పట్లు కొట్టేది జొన్నచేలో, మంచెమీద, చిలకల్ని తోలడానికి. అక్కడే పుట్టి పెరిగినవాణ్ణి, ఏడాదిలో మరిచిపోయాను.

"తోలడం కాదమ్మా, దేవుణ్ణి మెచ్చుకోడం."

"మెచ్చుకున్నోడ్ని అలాగ అదిలిత్తారేటి?" అంది. అయినా చదువుకున్నవాడి మాట కాదనలేక "హోయ్! హో!" అంటూ కొట్టింది. సంఘమంతా అందుకుంది. రేకులకింద గూళ్ళు పెట్టుకున్న పిచికలు ఒక్కటి మిగలకుండా లేచిపోయాయి. వాటి వెనక పిల్లలు, పిల్లల వెనక తల్లులు. తక్కిన రెండు ఎర్రగీతలూ చాపలకి చెప్పాను.

లేఖనంలో సంతోషానికి చప్పట్లున్నాయి, దుష్టుణ్ణి ఛీకొట్టి తరమడానికీ ఉన్నాయి. నాకు దక్కినవి ఏవో తేల్చుకునేంత వాక్యం నేర్చుకున్నందుకు ఆరోజు చాలా బాధపడ్డాను.

చాపలు చుడుతూ సంఘపెద్ద అన్నాడు: "ఈ ఏడు వాక్యం నాను సెప్తాన్లే. నీకు సప్పట్లు బాగొచ్చు గదా, ముసల్దాని సేలో మంచె ఎక్కు."

పంట ఇంటికొచ్చేదాకా ఎక్కాను. నా పరిచర్యలో అంత ఫలితం మళ్ళీ చూడలేదు. ఒక్క చిలకా నిలవలేదు.

మరుసటి ఏడు మళ్ళీ ప్రసంగం ఇచ్చారు. ఈసారి నోట్సులో గీతల్లేవు. ముగించాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పిచికలు గూళ్ళలోనే ఉన్నాయి. ముసలమ్మ మోకాళ్ళు పట్టుకుని లేస్తూ "ఈపాలి కూకోనిచ్చినావు బాబూ" అంది. సంఘపెద్ద వచ్చే ఆదివారం కూడా నన్నే చెప్పమన్నాడు.