వీరరాఘవమ్మ నేర్పిన గోంగూర

కోటిలింగం మెస్ అమ్ముడుపోయిన సంగతి వీరరాఘవమ్మకు పాలవాడు చెప్పాడు. నరసరావుపేట స్టేషన్ రోడ్డు హోటల్ వెనక గుమ్మంలో క్యాన్ దించుతూ, "మీది ఇంక బెంగుళూరు కంపెనీ అంటగా అత్తా!" అన్నాడు. ఆమె నమ్మలేదు. లోపలికి వెళ్లి గోంగూర కడుగుతుంటే, ముందువైపు నిచ్చెన వేసి పాత బోర్డు దించుతున్న చప్పుడు వినబడింది.

అప్పటికి ఆ వంటింట్లో ఆమె పచ్చళ్లు నూరడం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్లు. సొంతూరు నూజెండ్ల దగ్గర పల్లె. పెనిమిటి గంగయ్య పిడుగురాళ్ల క్వారీలో కాలు నలగ్గొట్టుకుని మంచాన పడ్డ ఏడాది, ఆమె పేటకు వచ్చి కోటిలింగం దగ్గర పనికి కుదిరింది. ఆయనకు అప్పుడున్నవి నాలుగు బల్లలు, ఒక రేకుల వసారా. మొదటిరోజు ఆమె మిక్సీలో వేసి ఇచ్చిన పచ్చడి రుచి చూసి ఆయన మొహం తిప్పుకున్నాడు. మర్నాడు ఆమె కండక్టర్ని బతిమాలుకుని, తన అత్తగారి రోలును బస్సు మీద వేయించుకొచ్చింది. అందులో దంచిన గోంగూరతో కోటిలింగం మూడుసార్లు అన్నం కలుపుకున్నాడు.

తరువాత పచ్చడి కోసమే జనం రావడం మొదలైంది. వినుకొండలో, పిడుగురాళ్లలో, గురజాలలో, మాచర్లలో కొత్త హోటల్ తెరిచిన ప్రతిసారీ ఆమె నెల రోజులు అక్కడే పడుకుని, అక్కడి ఆడవాళ్లకు చెయ్యి తిరిగేదాకా నేర్పి వచ్చేది. ప్రారంభోత్సవాల్లో కోటిలింగం ఆమెను నలుగురి ముందుకూ పిలిచి, "ఈ హోటల్ నాది కాదు, ఈమెది" అనేవాడు. అందరూ నవ్వేవారు. ఆమె మాత్రం నవ్వేది కాదు. నిజమనే అనుకునేది.

బోర్డు దించిన రోజున ఆయన వస్తాడని సాయంత్రం దాకా చూసింది. రాలేదు. వారం తరువాత కంపెనీవాళ్ల కారులోంచి దిగి, కౌంటర్ దగ్గర వాళ్లతో ఫోటోలు దిగి వెళ్లిపోయాడు. వంటింటి వైపు తల కూడా తిప్పలేదు.

కొత్త మేనేజరు వెంకటసాయి హైదరాబాదులో హోటల్ కోర్సు చదివి వచ్చినవాడు. అందరికీ టోపీలు, గ్లవుజులు ఇచ్చాడు. ఇకనుంచి పచ్చళ్లన్నీ ఒకేచోట తయారై డబ్బాల్లో వస్తాయనీ, ఇక్కడ మూత తీసి వడ్డించడమే పననీ చెప్పాడు. దానికి ముందుగా వంటల కొలతలు రాసుకోవడానికి కంపెనీ నుంచి దీపశ్రీ అనే అమ్మాయి వచ్చింది. తూకం మిషను బల్ల మీద పెట్టి, ఫోను స్టాండుకు తగిలించి వీడియో ఆన్ చేసింది.

"అమ్మా, మీరు రోజూ ఎలా చేస్తారో అలాగే చేయండి. నేను చూసి రాసుకుంటాను" అంది.

"రాసుకున్నాక?"

"అన్ని బ్రాంచీల్లో ఒకే రుచి వస్తుంది."

"మరి నేనేం చెయ్యాల?"

దీపశ్రీ వెంకటసాయి వైపు చూసింది. అతను, "మీకు హాల్లో డ్యూటీ వేస్తాం ఆంటీ. బల్లలు తుడవడం లాంటిది. లైట్ వర్క్" అన్నాడు, ఏదో మేలు చేస్తున్నట్టు.

వీరరాఘవమ్మ పొయ్యి వెలిగించింది. గోంగూరను నీడన ఆరబెట్టకుండా తడి ఆకునే మూకుట్లో పడేసింది. మిరపకాయలు సగానికి సగం తగ్గించింది. ఆఖరున సాంబారు కోసం పెట్టిన బెల్లం డబ్బా తీసి, రెండు పెద్ద ముక్కలు చితక్కొట్టి అందులో వేసింది.

పక్కన ఉల్లిపాయలు తరుగుతున్న షబ్నం చెయ్యి ఆగిపోయింది. మూడేళ్లుగా ఆమె చేతికింద పని నేర్చుకుంటున్న పిల్ల. "పిన్నీ..." అనబోతే వీరరాఘవమ్మ కళ్లతోనే నోరు మూయించింది.

"గోంగూరలో బెల్లం వేస్తారా?" దీపశ్రీ అడిగింది.

"అదేగా గుట్టు! కిలో ఆకుకి పావుకిలో పడాల. తగ్గిచ్చావో, అది పచ్చడే కాదు."

దీపశ్రీ శ్రద్ధగా రాసుకుంది.

ఆ అమ్మాయి వెళ్లగానే షబ్నం దగ్గరికి వచ్చింది. "అట్టా చెప్పినావేంది పిన్నీ? జనం ఉమ్మేస్తారు."

"ఉమ్మెయ్యాలనే చెప్పినా. ఒక్క నెల చూడు. ఈళ్ల బోర్డు ఈళ్లే దించుకోని పోతారు."

ఆ నెలంతా ఆమె బల్లలు తుడుస్తూ తినేవాళ్ల మొహాలే చూసింది. ముద్ద నోట్లో పెట్టుకున్న ప్రతి మనిషి దగ్గరా ఒక్క క్షణం ఆగింది. ఎవరూ ఉమ్మలేదు. పిల్లలు వేళ్లు నాకారు. పెదకూరపాడు నుంచి వచ్చిన ఒక కుటుంబం వెళ్తూ వెళ్తూ రెండు డబ్బాలు కట్టించుకుంది. ఇక ఆమె ఆశంతా లారీ ఆఫీసు తిరుపతిరావు మీద పెట్టుకుంది. ఇరవై ఏళ్లుగా మధ్యాహ్నం భోజనం అక్కడే చేసే మనిషి. ఉప్పు రవ్వంత తేడా వచ్చినా వంటింటి గుమ్మం దాకా వచ్చి చెప్పేవాడు.

"ఏందన్నా, పచ్చడి ఎట్టుంది?" అని అడిగింది, గుడ్డ చేత్తో పట్టుకుని.

"బానే ఉందమ్మా. ముందు మరీ కారం, కడుపులో మంట పుట్టేది. ఇదే నయం" అని ఆయన మజ్జిగ పోసుకున్నాడు.

చెంప మీద కొట్టినట్టయింది. కంపెనీ మీదున్న కోపం ఆ పూటతో ఊరి మీదకు కూడా పాకింది. రోడ్డు మీద తెలిసినవాళ్లు పలకరించినా ముభావంగా దాటిపోసాగింది.

తరువాతి వారంలో రోలును వంటింట్లోంచి తీసి హోటల్ ముందు పెట్టారు. చుట్టూ ప్లాస్టిక్ బంతిపూల దండ వేసి, పక్కన 'పల్నాటి రుచి' అని అట్ట నిలబెట్టారు. తినడానికి వచ్చినవాళ్లు దాని పక్కన నిలబడి సెల్ఫీలు దిగేవారు, పోతూ పోతూ చెయ్యి తుడుచుకున్న కాగితాలు అందులో పడేసేవారు.

ఆదివారం మధ్యాహ్నం, హాలు నిండుగా ఉన్న వేళ, ఆమె షబ్నం మామ మీరా సాహెబ్ ట్రాలీ ఆటోను గుమ్మం ముందు ఆపించింది. ప్లాస్టిక్ దండ తెంపి అవతల పారేసింది. ఇద్దరూ రోలును ఒక పక్కకు వంచేసరికి వెంకటసాయి పరుగెత్తుకొచ్చాడు.

"ఏం చేస్తున్నారు ఆంటీ? అది కంపెనీ ప్రాపర్టీ!"

"నీ కంపెనీ పుట్టకముందు మా అత్త కొన్న రోలిది. పక్కకు జరుగు."

"మా లిస్టులో ఉంది. కావాలంటే మీ పాత ఓనరునే అడుగుదాం" అని అతను కోటిలింగానికి ఫోను కలిపి, స్పీకరు పెట్టాడు. హాల్లో తింటున్నవాళ్లు ఇటు తిరిగారు.

కోటిలింగం అంతా విని గొంతు సవరించుకున్నాడు. "లోపలి సామానంతా కలిపే రాసిచ్చానమ్మా. అందులో ఏది ఎవరిదో నాకేం గుర్తు? చిన్నదానికి గొడవెందుకు, ఇంకోటి కొనిస్తాలే."

"సావుకారూ, మా అత్త రోలు. బస్సు మీంచి దించేటప్పుడు మీరూ ఓ చెయ్యి వేశారు."

ఫోనులో కోటిలింగం అన్నాడు, "గుర్తులేదమ్మా."

"ఛీ! గుర్తులేదా నీకు?" అంది ఆమె. ఇరవై ఆరేళ్లలో ఆయన్ని ఏకవచనంలో పిలవడం అదే మొదలు. ఫోను కట్ అయింది.

మీరా సాహెబ్ రోలు మీంచి చేతులు తీసేశాడు. "పోలీసు కేసంటే నా బండి పట్టుకపోతారమ్మా" అని గొణిగాడు. ఆమె కూడా రోలు వదిలేసి గుమ్మంలోకి వచ్చి హాలు వైపు తిరిగింది.

"తినండి, బాగా తినండి! ఆ గోంగూర్లో బెల్లం వెయ్యమని చెప్పింది నేనే. ఈళ్ల కొంప మునగాలని కావాలనే తప్పు చెప్పినా. ఇన్నేళ్లు నా చేతి పచ్చడి తిన్నారు గదా, ఒక్కళ్లన్నా కనిపెట్టారా? గడ్డి పెట్టినా తింటారు మీరు!"

కొందరు పళ్లేల్లోకి చూసుకున్నారు. ఒకావిడ పచ్చడిని వేలితో పక్కకు నెట్టి, కాసేపాగి మళ్లీ దగ్గరకు లాక్కుంది. కిటికీ పక్క నుంచి ఎవరో నెయ్యి తెమ్మని కేకేశారు. వీరరాఘవమ్మ టోపీ, గ్లవుజులు తీసి వెంకటసాయి కాళ్ల దగ్గర పడేసి నడుచుకుంటూ వెళ్లిపోయింది.

వెంకటసాయి కంగారుపడి దీపశ్రీకి ఫోను చేశాడనీ, "అమ్మకం బాగుంది, రుచి మార్చొద్దు" అని జవాబొచ్చిందనీ షబ్నం రెండు రోజుల తరువాత ఇంటికి వచ్చి చెప్పింది. వీరరాఘవమ్మ విని, "తగలబడనీ" అంది. షబ్నం కూడా ఆ నెలాఖరుకే అక్కడ మానేసింది. ఇద్దరూ పెళ్లిళ్ల వంటలు చేసే బ్రహ్మం జట్టులో చేరారు. పొగ ఎక్కువ, నిలకడ లేని పని. పెనిమిటి గంగయ్య వద్దంటే, "ఎవరి బల్లా నేను తుడవను" అని ఒక్క మాటతో సరిపెట్టింది.

మాఘమాసంలో గురజాలలో ఒక పెళ్లి. రెండో బంతిలో కోటిలింగం, ఆయన భార్య కృష్ణకుమారి పక్కపక్కన కూర్చున్నారు. వడ్డించేవాళ్లు తక్కువై, గోంగూర గిన్నె వీరరాఘవమ్మే అందుకుంది. గరిటెతో ఒక్కో విస్తరిలో పెడుతూ వస్తుంటే కోటిలింగం ముందే వాసన పట్టాడు. తల ఎత్తి చూసి, "నువ్వేనా! ఎన్నాళ్లయిందమ్మా ఈ పచ్చడి తిని... అక్కడ తియ్యటి పాకం పెడుతున్నారు, నోట పెట్టబుద్ధి కావడం లేదు" అని విస్తరి ఆమె వైపు జరిపాడు.

ఆమె ఆయన్ను దాటి, కృష్ణకుమారి విస్తరిలో రెండు గరిటెలు వడ్డించింది.

"అమ్మా, ఇటు" అన్నాడు కోటిలింగం. పక్కవాళ్లు చూస్తున్నారని గొంతు తగ్గించి, మళ్లీ పిలిచాడు.

వీరరాఘవమ్మ ఆయన వైపు తిరగలేదు. కృష్ణకుమారి తన విస్తరిలోంచి కొంచెం తీసి మొగుడి అన్నంలో వేయబోతే, "అది నీకు పెట్టినానమ్మా. నువ్వే తిను" అని గట్టిగా చెప్పింది. కృష్ణకుమారి చెయ్యి వెనక్కి తీసుకుంది. వీరరాఘవమ్మ గిన్నె పట్టుకుని తరువాతి విస్తరికి వెళ్లింది.