ఎడమ పక్క టైర్లు

మా బాపు ఎవరింటికి వెళ్లినా ముందు వాకిట్లో ఉన్న బండి టైర్లు చూస్తాడు, ఆ తర్వాతే మనుషుల ముఖాలు. ముప్పై ఏళ్లకు పైగా బస్సు నడిపి, తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు రిటైరైన మనిషి. నా పెళ్లిచూపులనాడు నేను లోపల చీర కుచ్చిళ్లు సరిచేసుకుంటుంటే, ఆయన బయట కాబోయే అల్లుడి మోటార్‌సైకిల్ పక్కన గొంతుకూర్చుని వెనక టైరు మీద అరచెయ్యి ఆడించాడట. లోపలికి వచ్చి అమ్మతో, పిల్లగాడు మంచోడే గానీ బ్రేకు గట్టిగ కొడుతడు, జర తొందర మనిషి అన్నాడట. ఇరవై ఏళ్ల కాపురం చేశాక చెబుతున్నాను, ఆ టైరు ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు.

బాపుకు చెప్పుకోవడానికి ఒక్కటే కథ ఉంది. ఆయన బస్సుకు వేసిన ఒక జత టైర్లు డిపోలో ఎవరి టైర్లూ నడవనంత కాలం నడిచాయట. చివరికి వాటిని విప్పినప్పుడు డిపో మేనేజరు ఒక టైరును గేటు పక్కన నిలబెట్టించి, కొత్తగా చేరిన డ్రైవర్లందరినీ పిలిచి చూపించాడట. ఆ ఏడు దసరాకు బస్సులకంటే ముందు ఆ పాత టైరుకే బంతిపూల దండ పడిందట. నీళ్ల క్యాన్ వేసే అతనికీ, కరెంటు బిల్లు తీసే అతనికీ, వీధి మలుపులో ఇస్త్రీ చేసే ఆమెకూ ఈ కథ కంఠతా వచ్చు. దండ దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ బాపు గొంతు కాస్త తడబడుతుంది. అమ్మ పోయాక ఆయన మా ఇంటికే వచ్చేశాడు కాబట్టి నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. విసుక్కున్నాను కూడా.

నేను సైన్సు టీచర్ని. ఇల్లు నల్గొండలో, బడి హాలియా దాటాక కాలువ కింది ఊళ్లో. మా ఆయన షాద్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లారి వెళ్లిపోతాడు. చాలా ఏళ్లు నేను బస్సులో హాలియా దాకా, అక్కణ్నుంచి ఆటోలో బడికి పోయాను. ఆటో నిండేదాకా ఎండలో నిలబడటం, నిండాక డ్రైవరు పక్కన సగం బయటికి కూర్చుని సంచీని గుండెలకు హత్తుకోవడం, ఇదే నా ఉద్యోగ జీవితం. నలభై మూడో ఏట కారు కొందామన్నాను. ఊళ్ల రోడ్లకు కాస్త ఎత్తుగా ఉండాలని క్రాసోవర్ కొన్నాం. కారూ కాదు, జీపూ కాదు, రెండింటికీ నచ్చజెప్పి తయారుచేసినట్టుంటుంది. తాళం చేతికిస్తూ మా ఆయన, బండికి ఏదన్నా అయితే మాత్రం డ్రైవర్ని పెడదాం అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. డ్రైవరు వస్తే నేను మళ్లీ ఎవరో తీసుకెళ్తే పోయే మనిషినవుతాను. ఆ భయం నన్ను వదల్లేదు.

నడపడం నేర్పింది బాపే. జూన్‌లో మొదలుపెట్టి దసరా దాకా రోజూ పక్క సీట్లో కూర్చుని బడిదాకా వచ్చేవాడు. నేను పాఠాలు చెబుతుంటే వరండాలో పేపరు చదువుకుని సాయంత్రం నాతోనే తిరిగొచ్చేవాడు. ఒక్కసారి అరవలేదు. నేను గేరు సరిగా వెయ్యక బండి మూలిగినప్పుడు మాత్రం కళ్లు మూసుకునేవాడు. దసరానాడు కారుతో నిమ్మకాయలు తొక్కించి, ఇగ నువ్వే పో బిడ్డా అని సీటు దిగాడు.

ఆ తర్వాత నేనొక్కదాన్నే. ఆ సంతోషాన్ని ఇప్పటికీ దాచుకోలేను. కిటికీ దించుకుని, నాకు నచ్చిన పాట పెట్టుకుని, దారిలో సీతాఫలాలు కనిపిస్తే ఎవరినీ అడగకుండా ఆపుకుని కొనుక్కునేదాన్ని. ఆదివారాలు మాత్రం బాపు అదే కారు తీసుకుని నకిరేకల్ దగ్గరున్న మా చెలక పొలం చూసి వచ్చేవాడు.

మరుసటి ఏడు నవంబరులో ఒక శనివారం సాయంత్రం మా ఆయన కారు కడుగుతూ నన్ను బయటికి పిలిచాడు. ఎడమ పక్క రెండు టైర్లూ గుండైపోయి ఉన్నాయి. నాలుగేళ్లు వాటి ఊసే ఎత్తనక్కర్లేదని కారు అమ్మినతను చెప్పాడు, ఏడాదిన్నర కూడా కాలేదు. నాకు కోపం ముందు వస్తుంది, ఆలోచన తర్వాత వస్తుంది. టైర్ల కంపెనీని తిట్టాను, రోడ్డేసిన కాంట్రాక్టరును తిట్టాను, మా జిల్లా ఎండను కూడా వదల్లేదు. ప్రతి ఏడూ పిల్లలకు టైరు బొమ్మ గీసి మరీ ఘర్షణ పాఠం చెప్పేదాన్ని, ఒక పక్కే ఎందుకు అరిగిందో ఒక్క నిమిషం ఆలోచించలేదు. మా ఆయన ఎవరినీ తిట్టలేదు. నల్గొండలోనే ఒక డ్రైవరున్నాడని, ఒకటో తారీఖు నుంచి రమ్మని అడుగుతానని చెప్పాడు. బాపు ఎడమ ముందు టైరు దగ్గర కూర్చుని చాలాసేపు లేవలేదు.

మర్నాడు ముగ్గురం టైర్ల దుకాణానికి వెళ్లాం. దుకాణమాయన కారును జాకీ మీద లేపి, టైరును మెల్లగా తిప్పుతూ బయటి అంచు మీద వేలు ఆడించాడు. ఆ వైపు గీతలన్నీ చెరిగిపోయి ఒకచోట లోపలి దారం కనిపిస్తోంది. పక్క భాగం నిండా చిన్న చిన్న కోతలు. వెనకదీ అంతే. కుడి పక్కవి మాత్రం బాగానే ఉన్నాయి. కంపెనీ తప్పే కదా అని నేను ఆశగా అడిగాను. కాదన్నాడు. ఎడమ చక్రాలు మాటిమాటికీ తారు దిగి మట్టిలోకి పోతున్నాయి, తిరిగి ఎక్కేటప్పుడు తారు అంచు టైరును కోస్తోంది, ఆ దెబ్బలకు అలైన్‌మెంటు కూడా పోయి చక్రం నేల మీద రాసుకుంటూ నడుస్తోంది అని వివరంగా చెప్పాడు. చెప్పి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ మా ముగ్గురి వైపూ చూశాడు.

"ఎవరు నడుపుతరు గీ బండి?"

అప్పుడు నా కళ్లముందుకు వడ్లు వచ్చాయి.

కాలువ కింద కోతలు మొదలైతే మా బడి రోడ్డులో సగం కల్లమైపోతుంది. వడ్లలో తేమ ఉంటే కొనేవాళ్లు వెనక్కి పంపిస్తారు కాబట్టి రైతులు వాటిని తారు మీద ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతారు. మిగిలిన సగం రోడ్డులో ఎదురుగా ట్రాక్టరో ఆటోనో వస్తే ఎవరో ఒకరు వడ్లెక్కాలి, లేదంటే మట్టిలోకి దిగాలి. చాలామంది వడ్ల మీంచే పోతారు. నేను ఎడమ చక్రాలను మట్టిలోకి దించేదాన్ని, పొద్దున ఏడెనిమిది చోట్ల, సాయంత్రం ఏడెనిమిది చోట్ల. అది తప్పని గానీ, గొప్పని గానీ ఎప్పుడూ అనుకోలేదు.

చిన్నప్పుడు సెలవుల్లో బాపు బస్సులో ఇంజను పక్కన కూర్చుని తిరిగేదాన్ని. రైతులు ఉలవ కట్టెను రోడ్డు మీద పరిచి బస్సు కోసం ఎదురుచూసేవాళ్లు, చక్రాలు ఎక్కితే గింజ రాలుతుందని. బాపు వాళ్ల కోసం దాని మీంచే నడిపేవాడు, ఒక్కోసారి వెనక్కి తీసి మళ్లీ ఎక్కించేవాడు, బస్సంతా నవ్వేది. వడ్లు కనిపిస్తే మాత్రం అంత పెద్ద బస్సునూ మట్టిలోకి దించేవాడు. టైరు ఎక్కితే గింజ పగిలి నూకైతది బిడ్డా, వాళ్ల రెక్కల కష్టం అది, అనేవాడు. కాలికి గింజ తగిలితే కళ్లకద్దుకునే ఇంట్లో పెరిగాను. వడ్ల మీదికి బండి తోలడం నాకు చేతకాదు.

ఇదంతా చెప్పాల్సింది ఆ దుకాణం ముందే. నోరు తెరిచాను కూడా. డ్రైవరు గుర్తొచ్చి మళ్లీ మూసేశాను. ఈలోపు బాపు అన్నాడు.

"నేనే."

దుకాణమాయన బాపు తెల్లజుట్టు వైపు చూసి, పెద్దాయనా జర కండ్లు చూపిచ్చుకో అన్నాడు. బాపు తలూపాడు. మా ఆయన ఇక డ్రైవరు సంగతి ఎత్తలేదు. కొత్త టైర్లు వేయించుకుని, అలైన్‌మెంటు చేయించుకుని ఇంటికి వచ్చాం. నేను వెనక సీట్లో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తూ వచ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా నోరు విప్పలేదు.

ఆ సాయంత్రం చాయ్ తాగుతూ మా ఆయన, ఈ పాత టైర్లను గూడ గేటు కాడ నిలబెడ్దామా మామా అన్నాడు. ఆయన మనసులో విషం లేదు, మామను ఆటపట్టించడం ఆయనకు అలవాటు. బాపు కూడా నవ్వాడు. కానీ ఆ రోజు నుంచి కథ ఆగిపోయింది. వారం తర్వాత నీళ్ల క్యాన్ అతనే, ఏంది బాపూ దండ ముచ్చట చెప్తలేవని అడిగితే, ముసలోన్నయిన, యాది ఉంటలేదు అని లోపలికి వెళ్లిపోయాడు. ఆదివారం కారు తాళం ముట్టలేదు, బస్సెక్కి చెలకకు పోయాడు. ఇన్నేళ్లు నేను విసుక్కున్న ఆ కథ లేని ఇంట్లో నాకు అన్నం సహించలేదు.

మూడో ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. మా ఆయన చాలా మెల్లగా, ప్రేమగానే చెప్పాడు, రేపు సెలవు పెట్టానని, మామను కండ్ల దవాఖానకు తీసుకుపోతానని. బాపు సరేనన్నాడు. పప్పు గరిటె నా చేతిలో ఉంది, దాన్ని గిన్నెలో పెట్టేశాను.

"బాపు కండ్లు మంచిగనే ఉన్నయి. టైర్లు అరగదీసింది నేను. డ్రైవర్ని పెడితే పెట్టు."

వడ్ల సంగతి, దిగడం సంగతి, దుకాణం ముందు నోరు మూసుకున్న సంగతి, అన్నీ చెప్పేశాను. చెబుతూ చెబుతూ ఏడ్చాను, ఏడుస్తూనే కోపంగా కూడా మాట్లాడాను, నా తీరే అంత. మా ఆయన బాపు వైపు తిరిగి, మరి నువ్వెందుకట్ల చెప్పినవు మామా అని అడిగాడు. బాపు అన్నం కలపడం ఆపలేదు.

"అబద్ధం చెప్పలే అల్లుడా. టైరు చూడంగనే నాకు ఎరుకైంది. వడ్లు తొక్కొద్దని దీనికి చెప్పింది నేను. తారు ఎట్ల దిగాలె, ఎట్ల ఎక్కాలె, గది చెప్పకముందే సీటు దిగిన. కోతలప్పుడు ఇంకో పది రోజులు పక్కన కూసుంటే గిట్లయ్యేదా? అరగదీసింది నేనే."

అది నిజమే. ఆయన దిగింది దసరాకు, వడ్లు రోడ్డెక్కింది ఆ తర్వాత. ఆయన బస్సును మట్టిలోకి దించడం చూస్తూ పెరిగాను గానీ, ఎలా దించేవాడో ఎప్పుడూ చూడలేదు.

మా ఆయన చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్లి తాళం తెచ్చాడు. నా పని అయిపోయిందనుకున్నాను. తెచ్చి నా కంచం పక్కన పెట్టాడు. తినుడైనంక బడి రోడ్డుకు పోదాం పాండ్రి, మామ ముందట కూసుంటడు, నేను గూడ నేర్చుకుంట అన్నాడు.

హాలియా దాటాక కాలువ రోడ్డెక్కేసరికి ఎండ కాస్త తగ్గింది. వడ్లు ఇంకా ఉన్నాయి. ఎదురుగా ట్రాక్టరు వచ్చింది, నేను అలవాటు కొద్దీ ఎడమకు తిప్పాను, చక్రం టక్కున దిగింది. బాపు కళ్లు మూసుకున్నాడు. తెరిచి చెప్పాడు.

"దూరంకెల్లే చూడాలె బిడ్డా. తారు, మన్ను సమానంగ ఉన్న జాగల దిగాలె. అంచుకు రాసుకుంట పోవద్దు. ఎక్కేటప్పుడు తొందర చెయ్యకు, మల్ల సమానం జాగ వచ్చిందాంక కిందనే పో."

రెండోసారి కొంచెం నయం. మూడోసారి ఒక అవ్వ కట్టెపలకతో వడ్లు తిరగేస్తున్న చోట ఎదురుగా ఆటో వచ్చింది. ముందే చూసుకుని, మెల్లగా దిగి, మట్టిలోనే చాలాదూరం పోయి ఎక్కాను. ఎక్కినట్టు కూడా తెలియలేదు. బాపు బండి ఆపమని, దిగి ఎడమ టైరు పక్కన కూర్చుని అరచెయ్యి ఆడించాడు. అవ్వ పని ఆపి మా దగ్గరికి వచ్చింది. కారు ఆమెకు తెలుసు.

"అందరు వడ్ల మీదికెల్లి పోతరు. గీ టీచరమ్మ ఒక్కతే మన్నులకు దిగుతది. నీకేమైతది?"

"నా బిడ్డ," అన్నాడు బాపు. "నేనే నేర్పిన."

ఇంత పెద్ద బండిని ఇంత ఒడుపుగా దించుడు నీకెట్ల తెలుసని అడిగింది అవ్వ. అంతే, ఆయన అక్కడే వడ్ల పక్కన గొంతుకూర్చున్నాడు. డిపో వచ్చింది, టైర్ల జత వచ్చింది, గేటు వచ్చింది. నేను ఇంజను ఆపేశాను. మా ఆయన కారు దిగి వెళ్లి మామ పక్కన కూర్చున్నాడు. దసరా దగ్గరికి రాగానే బాపు గొంతు ఎప్పటిలాగే తడబడింది, మాట ఆగింది.

"ఏం పూల దండ మామా?" అని అడిగాడు మా ఆయన, ఎన్నడూ విననట్టు.

"బంతిపూలది అల్లుడా," అన్నాడు బాపు.